డిగ్రీ పిల్లల పల్లె ప్రాజెక్టులు – మనం చేయదగిన పని
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును స్మరించుకొంటూ ఏటా ఈ రోజున కలుసుకొంటున్నాము. పెన్షను ఒకరు పెట్టే భిక్ష కాదన్న సంగతి నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు చక్కగా చెప్పినారు. డి.ఏ. గురించీ కావలసినంత చెప్పినారు. కార్యదర్శిగారు నాకు పది నిమిషాలే ఇచ్చినారు గనుక నేను వేరే విషయం ఎత్తుకొంటాను. మన మనుమలు, మనుమరాండ్రు డిగ్రీలో చేయవలసి వస్తున్న ఇంటర్న్‌షిప్పుల సంగతి.

మన కాలంలో బి.ఏ. అంటే పుస్తకం, పరీక్ష, అంతే. 2020-21 నుండి మన రాష్ట్ర ఉన్నత విద్యా మండలి డిగ్రీ విద్యార్థులకు మొత్తం పది నెలల పని అనుభవం తప్పనిసరి చేసింది. మొదటి సంవత్సరం తరువాత రెండు నెలలు ఏదైనా ఊళ్ళోనో వార్డులోనో సమాజసేవా ప్రాజెక్టు. రెండవ సంవత్సరం తరువాత ఇంకొక రెండు నెలలు ఏదైనా సంస్థలో. చివర ఒక సెమిస్టరు పూర్తిగా పనిలోనే. 2023-24లో మేజరు, మైనరు పద్ధతి వచ్చినప్పుడు కూడా దీనిని ఉంచినారు. నేను మాట్లాడేది ఆ మొదటి రెండు నెలల గురించి.

ఆలోచన మంచిదే. మనం ఉద్యోగంలో చేరిన కొత్తలో పని నేర్చింది ఎట్లా? సీనియరు గుమాస్తా పక్కన స్టూలు వేసుకొని కూర్చుంటే ఆయన టపా విప్పడం నేర్పినాడు, పర్సనల్ రిజిస్టరు రాయడం నేర్పినాడు. సర్వే ట్రైనింగులో ఎర్రటి ఎండలో గొలుసు లాగించినారు. పొలం గట్టు మీద నిలబడి అడంగల్ చూసినవానికీ, ఆఫీసులో ఫ్యాను కింద చూసినవానికీ ఎంత తేడా ఉంటుందో రెవెన్యూ సోదరులకు నేను చెప్పనక్కరలేదు.

అయితే ఇది ఏ నెలలో జరుగుతున్నది? వేసవి సెలవుల్లో. మన జిల్లా సగటు వానపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ నమ్మకం లేని వాన. మే నెలలో ఏ పల్లెకు పోయినా సగం ఇండ్లకు తాళాలుంటాయి. వయసులో ఉన్నవాళ్ళు బెంగుళూరులో కట్టడాల పనిలో ఉంటారు. పదును వాన పడితే బుడ్డల విత్తనానికి తిరిగి వస్తారు. పిల్లవాడు ఫారాలు పట్టుకొని పోతే అరుగు మీద మనలాంటి ముసలివాళ్ళే దొరుకుతారు. వాళ్ళు మాత్రం ఏమంటారు? "జనాభా లెక్కలోళ్ళు రాసుకొని పోయిరి, సచివాలయమోళ్ళు రాసుకొని పోయిరి, ఇప్పుడు నువ్వొచ్చినావు. రాసుకో నాయనా, రాసుకుంటే ఏమొస్తుంది?" అంటారు. ఆ ప్రశ్నకు పిల్లవాని దగ్గర జవాబు లేదు. ఆ ఫారాలు కాలేజీకి పోయి, బైండింగు అయి, మార్కులు పడి, బీరువాలో చేరుతాయి. ఊరికి తిరిగి రావు.

ఇక రెండవ చిక్కు డబ్బు. పోయిన వేసవిలో మా వీధి అబ్బాయి ఒకడు లాగ్ బుక్కు పట్టుకొని వచ్చినాడు. "తాతా, ఆ ఊరి పంచాయతీ కార్యదర్శి మీకు తెలుసంట కదా, ఒక్క సంతకం పెట్టియ్యమని చెప్పండి" అన్నాడు. "ఊరికి ఎన్ని రోజులు పోయినావు?" అని అడిగితే తల వంచుకొన్నాడు. బట్టల అంగట్లో రోజు కూలికి పోతున్నాడు. తండ్రి లేడు, తల్లికి షుగరు. "రెండు నెలలు పని మానుకుంటే మందులు ఎట్లా తాతా?" అన్నాడు. నేను చూసిన పిల్లల్లో ఈ ప్రాజెక్టుకు ఒక్క రూపాయి భత్యం అందుకొన్నవాడు లేడు. కేంద్రం 2024లో పెద్ద కంపెనీలలో నెలకు 5,000 రూపాయల ఇంటర్న్‌షిప్పు పెట్టింది గానీ, అప్పటి నిబంధనల్లో అది కాలేజీలో రెగ్యులరుగా చదువుతున్నవాళ్ళకు వర్తించలేదు.

నేను సంతకానికి సిఫారసు చేయలేదు. ముప్పై ఏండ్లకు పైగా సంతకాల మధ్య బ్రతికినవాళ్ళం. చేయని పనికి సంతకం అంటే ఏమిటో మనకు తెలుసు. అట్లాగని ఆ పిల్లవానిని నీతులు చెప్పి పంపించడానికీ మనసు ఒప్పలేదు. నివాసానికి దగ్గరలోని ఊరో వార్డో తీసుకొనే వీలు నిబంధనల్లో ఉంది. వాళ్ళ అధ్యాపకునితో మాట్లాడి మా వార్డుకే మార్పించినాము. సాయంత్రం అంగడి నుండి వచ్చినాక, ఆదివారాలు పొద్దంతా, ఇల్లిల్లూ తిరిగినాడు. కొన్ని రోజులు నేనూ వెంట పోయినాను. మోకాళ్ళ నొప్పులతో ఎక్కువ తిరగలేకపోయినాను, అది వేరే సంగతి.

వాడు పట్టుకొచ్చిన సంగతి వినండి. మా వెనుక సందులోనే ఇద్దరు అవ్వలు, ఆధార్ కార్డులో వయసు తప్పు పడి, అరవై దాటినా వృద్ధాప్య పెన్షను అందక ఉన్నారు. అన్నేండ్లుగా ఆ వీధిలో నడుస్తున్నాను, నా చెవిన పడలేదు. వాళ్ళకు అర్జీలు ఆ అబ్బాయే రాసినాడు. నేను నమూనా మాత్రం చెప్పినాను. అర్జీలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. అయినా లాగ్ బుక్కులో ఆ రోజు రాసిన పేజీ నిజమైన పేజీ.

ఇట్లాంటి పని మన జిల్లాకు కొత్త కాదు. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించినారు. ఆ తరువాత జరిగిన సామాజిక తనిఖీల్లో చదువుకొన్న పల్లె యువకులకు కొద్దిరోజులు శిక్షణ ఇచ్చి మస్టర్లు చేతికిచ్చినారు. వాళ్ళు కూలీల ఇండ్లకు పోయి "నీవు ఈ పని చేసినావా, ఈ డబ్బు ముట్టిందా?" అని అడిగి, వచ్చిన జవాబులను జనం ముందు చదివినారు. రాసుకొన్నది ఊరికి తిరిగి వినిపించినారు గనుకనే దానికి విలువ వచ్చింది.

కావున మన సంఘం వేసవికి ముందే కాలేజీల ప్రిన్సిపాళ్ళను కలిసి ఒక మాట చెప్పవలెనని నా కోరిక. ఊరికి ఒక్క ప్రశ్న చాలు. ఎన్ని బోర్లు వేసినారు, ఎన్ని ఎండినాయి, ఒక్కొక్క బోరుకు ఎంత అప్పు అయింది? ఈ లెక్క ఒక్కటి సరిగా తీస్తే ఆ ఊరివాళ్ళే కూర్చొని వింటారు. వలస పోయినవారి ఇండ్లకు విత్తనాల సమయంలో మళ్ళీ ఒకసారి పోయిరావాలి. చివర గ్రామసభలో చదవాలి, ఒక ప్రతి పంచాయతీలో ఉంచాలి. కూలికి పోయే పిల్లలకు సాయంత్రాలు, ఆదివారాలు లెక్కలో వేసుకొనే వెసులుబాటు అడగాలి.

మనలో తహశీలు పనిచేసినవారు పాత రికార్డు చదవడం నేర్పవచ్చు. ఆరోగ్య శాఖలోనూ బడుల్లోనూ పనిచేసిన సోదరీమణులు వెంట ఉంటే ఆడపిల్లలను పల్లెకు పంపడానికి తల్లిదండ్రులు జంకరు. బస్సు ఛార్జీలకు మాత్రం చందా వేసుకోక తప్పదు. ఈ సంవత్సరానికి నా వంతు వెయ్యి రూపాయలు కోశాధికారిగారికి ఇప్పుడే ఇస్తున్నాను. రసీదు ఇప్పించగలరు.

పేర్లు ఇవ్వదలచినవారు ప్రతి సోమవారం ఉదయం పది నుండి పన్నెండు వరకు సంఘం ఆఫీసులో నన్ను కలవవచ్చు. ఏ శాఖలో పనిచేసినదీ, ఏ మండలం బాగా తెలిసినదీ ఒక కాగితం మీద రాసుకొని రండి. సెలవు.