ఒక్కరోజు రైలు ప్రయాణం – బందరు చూసి వద్దాం
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్పెయిన్ దేశంలో మాడ్రిడ్ వాసులు పొద్దున రైలెక్కి సుమారు అరగంటలో టొలేడో అనే పాత పట్టణం చేరి, సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తారు. 1085 దాకా ముస్లింల ఏలుబడిలో ఉన్న ఊరది. ఆ తరువాత 12వ శతాబ్దంలో అరబ్బీ శాస్త్ర గ్రంథాలను పండితులు లాటిన్‌లోకి మార్చింది అక్కడే. అక్కడి ఉక్కు కత్తులకు నేటికీ పేరుంది. అంత దూరం మనం వెళ్ళలేం. కాని అలాంటి ఊరు మనకూ ఒకటుంది. అదే బందరు, మన మచిలీపట్నం.

అమలాపురానికి రైలు లేదు కదా అంటారు. నిజమే. కోటిపల్లి–నరసాపురం లైను 2000–01లో మంజూరైనా మనం ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాం. అయినా తెల్లవారుఝామున బస్సెక్కి, చించినాడ వంతెన మీద వశిష్ఠ దాటితే పాలకొల్లులో రైలు దొరుకుతుంది. భీమవరం మీదుగా గుడివాడ చేరి, అక్కడ బందరు బండి ఎక్కాలి. మేము కొన్ని కుటుంబాలం కలిసి అలాగే వెళ్ళి వచ్చాం. మా వెంట వచ్చిన పిల్లల్లో కొందరికి అదే మొదటి రైలు. కిటికీ దగ్గర చోటు కోసం వాళ్ళు పడిన తగవు తీర్చడానికే మాకు భీమవరం దాకా పట్టింది!

గుడివాడ దాటాక కవుతరం, పెడన, చిలకలపూడి స్టేషన్లు వస్తాయి. మేము ముందుగా పెడనలో దిగాం. కలంకారీ అద్దకం ఊరది. కలం, కారీ రెండూ పారశీక మాటలే. బట్టను కరక్కాయ నీళ్ళలో ముంచి, టేకు అచ్చులతో అద్దుతారు. తుప్పు ఇనుమును బెల్లం నీళ్ళలో నానవేస్తే నలుపు వస్తుంది. పటిక అద్దిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. ఆ రోజుల్లో ఆ ఎరుపును చిరివేరు నుంచి తీసేవారు. మన ఇళ్ళలో చాలామంది తాతలు దూదేకినవారే. దూదికీ అద్దకానికీ మధ్య ఎన్ని చేతులున్నాయో పిల్లలు కళ్ళారా చూశారు.

ఆ బట్టే బందరుకు ప్రాణం పోసింది. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ రాజ్యానికి ఇదే పెద్ద రేవు. ఇక్కడి ఓడలు ఇరాన్‌కు, ఎర్రసముద్రంలోని మోఖాకు, తూర్పున పెగూ, ఆచే రేవులకు వెళ్ళేవి. హజ్ యాత్రికులూ ఈ రేవు నుంచే ఓడ ఎక్కేవారు. డచ్చివారు వచ్చారు, 1611లో ఆంగ్లేయుల 'గ్లోబ్' ఓడ వచ్చింది. ఇరాన్‌లోని అర్దిస్తాన్‌లో పుట్టిన మీర్ జుమ్లా ఒక వర్తకుని కొలువులో గోల్కొండకు వచ్చి, బందరు పాలనాధికారి అయి, స్వంత ఓడలు నడిపాడు. అంటే ఆనాడు గల్ఫు వైపు వారే పని వెతుక్కుంటూ మన తీరానికి వచ్చేవారన్నమాట!

ఇప్పుడు బందరుకోటలో శిథిలమైన ఆయుధాగారం, ఊళ్ళో డచ్చివారి సమాధులు మిగిలాయి. 1759లో ఫ్రెంచివారి నుంచి ఆంగ్లేయులు ఈ కోటను పట్టుకున్నారు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెనలో సుమారు 30 వేల మంది చనిపోయారు. తుఫానంటే ఏమిటో కోనసీమ వాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ మాట విన్నాక మా ఆడవాళ్ళు చాలాసేపు మాట్లాడలేదు.

జొహర్ నమాజు చేసుకుని, తెచ్చుకున్న అన్నాలు తిని, బందరు లడ్డు కొనుక్కుని సాయంత్రం బండి ఎక్కాం. రాత్రి పొద్దుపోయాక ఇల్లు చేరాం.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, మన ఇళ్ళ నుంచి ఎందరో గల్ఫు వెళుతున్నారు. మగవాళ్ళే కాదు, ఆడబిడ్డలూ పసిపిల్లల్ని విడిచి వెళుతున్నారు. ఒకనాడు ఈ తీరం నుంచి అటు వెళ్ళింది మనవాళ్ళు చేసిన సరుకు. నేడు మనుషులే వెళుతున్నారు. పని వచ్చినవాడికి అక్కడ ఒక విలువ, ఏ పనీ రానివాడికి ఒక విలువ. ఈ సంగతి తిరిగి వచ్చినవారినడిగితే చెబుతారు. అందుచేత పాస్‌పోర్టుకు పరుగెత్తే ముందు పిల్లలకు ఒక చేతిపనో, ఒక విద్యో పట్టుబడేలా చూడవలసిందని తల్లిదండ్రులకు మా మనవి.

ఏటా ఒక్కరోజు ఇలా పిల్లల్ని తీసుకువెళదాం. ముసలివారినీ ఆడవారినీ ఇంటి దగ్గర వదలకండి. ప్యాసింజరు బండికి అయ్యే ఖర్చు స్వల్పం. రైలు వేళలు మారుతుంటాయి గనుక ముందురోజే కనుక్కోవాలి. టిక్కెట్టు పెట్టుకోలేని కుటుంబం ఉంటే మాకు చాటుగా చెప్పండి చాలు, వాళ్ళూ మనతో వస్తారు.