ఆచారానికి మనిషే గీటురాయి

ఏ ఆచారమైనా, మతం విధించినా రాజ్యం సమర్థించినా, మనిషికి చేసే మేలుకీడులను బట్టే దాని మంచిచెడ్డలు తేల్చాలనే దృక్పథాన్ని మానవవాదం అంటారు. విజయనగరంలో నివసించిన రచయిత గురజాడ అప్పారావు (1862–1915) సాహిత్యానికి ఆ దృక్పథమే ప్రాణం. వరుడి నుంచి సొమ్ము పుచ్చుకొని ఆడపిల్లను కట్టబెట్టే కన్యాశుల్కం ఎంతగా ప్రబలిందో తెలుసుకునేందుకు విజయనగరం మహారాజా ఆనంద గజపతి నాటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల బ్రాహ్మణ శుల్క వివాహాల జాబితా రాయించగా, అవి 1,034గా తేలాయి. వధువుల్లో 99 మంది అయిదేళ్లవారు, ముగ్గురైతే, తలచుకుంటేనే గుండె తరుక్కుపోయే విషయం, ఏడాది పసికందులు. 1892లో తొలిసారి ప్రదర్శితమైన ‘కన్యాశుల్కం’ నాటకం 1897లో అచ్చయినప్పుడు గురజాడ ఈ అంకెలను పీఠికలోనే పొందుపరిచారు. ఆయన నివసించిన ఇల్లు విజయనగరంలో నేటికీ స్మారక భవనంగా నిలిచి ఉంది.