నీళ్ల పొయ్యి, కరెంటు మీటరు



మీలో చాలామంది ఈ పొద్దున ఇంటిల్లిపాదికీ నీళ్లు కాచే వచ్చి ఉంటారు. సరుగుడు ఆకు, జీడికొమ్మలు ఏరి తెచ్చి చేసే ఆ చాకిరీ ఏ లెక్కలోకీ రాదు. లెక్కకు వచ్చేది సబ్సిడీ.

సోలార్ హీటర్లకు కేంద్రం ఇచ్చిన సబ్సిడీ 2014లో ఆగిపోయింది. ఉన్న రోజుల్లోనూ అది శ్లాబు, ట్యాంకు, కుళాయి ఉన్న ఇళ్లకే. 2024 ఫిబ్రవరిలో పి.ఎం. సూర్యఘర్ వచ్చింది. ఇంటికప్పు మీది సోలార్ పలకలకు 2 కిలోవాట్ల దాకా కిలోవాటుకు 30 వేలు, 3 కిలోవాట్లకూ ఆపైనా 78 వేలు. మంచిదే. కానీ కప్పు ఎవరి పేర ఉంది? మీటరు ఎవరి పేర ఉంది? మన పల్లెల మగవాళ్లు చెన్నైకో హైదరాబాదుకో భవనాల పనికి పోతారు. చాలా ఇళ్లలో కాగితం వాళ్ల పేర, ఓటీపీ వాళ్ల ఫోనుకి. నీళ్లు కాచే మనిషి దరఖాస్తు పెట్టలేదు. పెట్టినా, పలకలు బిగించాకే సబ్సిడీ.

గ్యాసు కొంత నయం. 1999 నాటి దీపం పథకం కనెక్షన్లను స్త్రీల పేరనే ఇచ్చింది. బండ నింపుకునే డబ్బులు మాత్రం మనవే. దాన్ని మూలన పెట్టి కట్టెలకే పోయిన ఇళ్లను నేను చూశాను. 2024 నవంబరు 1న ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో దీపం-2 మొదలైంది. ఏడాదికి మూడు బండలు ఉచితమన్నారు. అయితే ముందు పూర్తి ధర కట్టాలనీ, పల్లెల్లో 48 గంటలకు ఖాతాలో పడుతుందనీ అప్పుడు అన్నారు. అంత డబ్బు ఆ రెండు రోజులకు ఎవరిస్తారు? రెండు రోజులే కదా అని రాసినవాళ్లు ఎప్పుడూ చేబదులు అడిగి ఉండరు!

ఈపీడీసీఎల్ వారిని మన సంఘాలు మొదట ఒక్క లెక్క అడగాలి: ఈ రెండు జిల్లాల్లో ఎన్ని ఇళ్ల మీటర్లు స్త్రీల పేర ఉన్నాయి?