కొండ సాయం, టవర్ భారం: పల్లెకు వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్

నేపాల్‌లోని మ్యాగ్ది జిల్లా నాంగి గ్రామానికి 2002 ప్రాంతంలో టెలిఫోను తీగ కూడా లేదు. ఆ ఊళ్లో పుట్టి, అమెరికాలోని నెబ్రాస్కాలో చదువుకుని తిరిగివచ్చిన మహావీర్ పున్, అక్కడి హిమాంచల్ హైస్కూలును కొండల మీదుగా పోఖరా పట్టణంతో వైఫై ద్వారా కలిపే పనికి పూనుకున్నారు. ఈ కృషికి 2007లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం దక్కింది.

వైఫై పుట్టిందే గదుల కోసం. ఒక రేడియో ప్యాకెట్ పంపి, ‘అందింది’ అనే జవాబు కోసం కొద్ది మైక్రోసెకన్లు మాత్రమే ఆగుతుంది. 30 కిలోమీటర్ల దూరానికి కాంతి వేగంతో వెళ్లినా రానూపోనూ 200 మైక్రోసెకన్లు పడుతుంది. జవాబు ఇంకా దారిలో ఉండగానే, ప్యాకెట్ పోయిందనుకుని రేడియో మళ్లీ పంపుతుంది. ఇలా పంపిందే పంపుతూ ఉంటే లింకు పనికిరాదు. అందుకే దూరపు లింకుల్లో ఈ నిరీక్షణ గడువును సాఫ్ట్‌వేర్‌లో పెంచుతారు. సంకేతం నలుదిక్కులా చెదరకుండా డిష్ యాంటెన్నాతో ఒకే వైపు గురిపెడతారు. నాంగిలో మొదట టీవీ డిష్‌లే ఈ పనికి వచ్చాయి.

రెండు డిష్‌లు ఒకదానికొకటి కనబడితే సరిపోదు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం 30 కిలోమీటర్ల దారి నడుమ చూపుగీత చుట్టూ దాదాపు 30 మీటర్ల మేర పరుచుకుంటుంది. ఆ మేరలో చెట్లు గుబురుగా ఉంటే సంకేతం నీరసిస్తుంది. కాబట్టి డిష్‌లను చెట్లకు బాగా ఎత్తున నిలపాలి. నేపాల్‌లో ఆ ఎత్తును కొండే ఇచ్చింది. మోహరే డాండా వంటి శిఖరాల మీద రిలే కేంద్రాలు పెట్టి, వాటిని సౌరఫలకాలతో నడిపారు. మైదానంలో ఆ సాయం ఉండదు. భీమవరం చుట్టుపక్కల పల్లెలను కలిపిన బైర్రాజు ఫౌండేషన్ వారి ‘అశ్విని’ లాంటి నెట్‌వర్క్‌కు కొబ్బరి తలలు దాటేంత టవర్ కావాలి. వైఫై రేడియో ఎంత చవకైనా, ఇనుము, పునాది, పిడుగు నుంచి రక్షణ చవక కావు. పల్లె బ్రాడ్‌బ్యాండ్ లెక్క ఎక్కువగా తప్పేది ఇక్కడే.

ఇంకో అడ్డంకి చట్టం. మావోయిస్టు యుద్ధకాలంలో నేపాల్‌లో వైర్‌లెస్ పరికరాల మీద కట్టడి ఉండేది. నాంగికి కావలసిన సామాను స్వచ్ఛంద కార్యకర్తల సంచుల్లో కొంచెం కొంచెంగా చేరింది. భారతదేశంలోనూ 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండును ఆరుబయట లైసెన్సు లేకుండా వాడుకునే వీలు 2005లోగాని రాలేదు. ఎవరికీ ఇబ్బంది కలగనంత తక్కువ శక్తితో పనిచేసే రేడియోకు అనుమతి కోసం ఒక బడి ఏళ్ల తరబడి ఎదురుచూడాలనడం అన్యాయం.

లింకు నిలిచాక దాని మీద నడిచే పనులే దానికి విలువ తెస్తాయి. నాంగి పరిసర గ్రామాల ఆరోగ్య కార్యకర్తలు పోఖరా వైద్యులతో తెర మీద మాట్లాడగలిగారు. ఒక ఊరి ఉపాధ్యాయుడు ఇంకో ఊరి పిల్లలకు పాఠం చెప్పగలిగాడు. ఇదంతా సాగాలంటే బ్యాటరీ నీరసించినా, గాలికి డిష్ పక్కకు తిరిగినా కొండెక్కి సరిచేసే మనిషి ఆ ఊళ్లోనే ఉండాలి. అతని జీతాన్ని మొదటి రోజునుంచే టవర్ ఖర్చు పక్కన రాసుకోవాలి.