అలుగు మీద ఇసుక బస్తా వేస్తే ఏమవుతుంది?

ఈ రోజు కోడింగ్ లేదు, మట్టి గురించి మాట్లాడుకుందాం.

మా ఊరి చెరువుకి గండి పడి, బాబాయి వాళ్ల రెండెకరాల వరి మీద ఇసుక మేట వేసింది. అంతకుముందు నెల, ఇంకో అడుగు నీళ్లు ఆగుతాయని అలుగు మీద ఇసుక బస్తాలు వేశాం. వేసినవాళ్లలో నేనూ ఉన్నా.

మట్టికట్ట మీదుగా నీళ్లు పారకూడదు. పారితే బయటి వాలు కోసుకుపోవడం మొదలై, ఆ కోత వెనక్కి జరుగుతూ చెరువు దాకా వస్తుంది. అదే గండి. అందుకే అలుగు కట్ట కంటే బాగా కిందే ఉండాలి, పెద్ద వానకొచ్చే వరదంతా పోయేంత వెడల్పుగా. కొత్తగా పోసిన మట్టి మీద కాదు, కట్ట చివర గట్టి నేల మీద కట్టాలి. నీళ్లు దూకే చోట పెద్ద రాళ్లు పరవాలి. లేదంటే అక్కడ గుంత పడి అలుగే కూలుతుంది.

కట్టకి బంకమట్టి వాడాలి. అరడుగు పొరలుగా పోసి, తడిపి, రోలర్ తిప్పాలి. ట్రాక్టర్లతో గుట్టగా పోసేస్తే కుదరదు. లోపలి వైపు అలలకి రాళ్లు, బయటి వైపు గడ్డి. చెట్లు మాత్రం వద్దు బ్రో. వేరు కుళ్లితే ఆ దారినే నీళ్లు ఊరతాయి.

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. అది చెప్పే ఆరు దోషాల్లో ఒకటి, కట్టలోంచి నీరు కారడం. డాక్యుమెంటేషన్ రాతి మీదే పెట్టారు, మనమే చదవలేదు!

గండి పూడ్చారు. ఈసారి అలుగు మీద ఒక్క బస్తా కనిపించినా ఫోన్ చేయమని తమ్ముడికి చెప్పా. మీ ఊళ్లో దీన్ని అలుగు అంటారా, మత్తడి అంటారా?