శాలువాల సొమ్ము రెక్కలకు
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)



సంక్రాంతికి ఈ మైదానంలో గాలిపటాలు ఎగరేసి, తెగిన మాంజా వేపకొమ్మల్లోనే వదిలేసి ఇళ్లకు వెళ్లినవాళ్లమే మనమంతా. అది నూలుదారం, ఎండకూ వానకూ చీకిపోయేది. ఇప్పటి నైలాన్ మాంజా చీకదు. పండగ వెళ్లిన నెలలకు కూడా గద్దల, కొంగల రెక్కలు కోస్తూనే ఉంటుంది. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించినా అమ్మకాలు ఆగలేదు.

తెగిన రెక్కకు కుట్లు వేయడం ఒక్కపూట పని. పక్షి మళ్లీ ఎగిరేదాకా మేత, మందులు, విశాలమైన పంజరం వారాలపాటు కావాలి. రక్షణ కేంద్రాలు విరాళాల కోసం ఎదురుచూసేది అందుకే.

మా బ్యాచ్‌కు శాలువాలు, దండలు వద్దు. ఆ సొమ్ముకు ప్రతి బ్యాచ్ తన వంతు కలిపితే ఆ కేంద్రాలకు పంపుదాం. ఆదివారం నిచ్చెనలతో రండి. కొమ్మల్లోని దారం మనమే తీద్దాం.

బాకీ మనది. సెలవు.