బ్యాన్ చేయమని రాసేవాళ్లు మనల్ని ఎలా ఒప్పిస్తారు? రాధికా సాంత్వనం గొడవ

ఏదైనా పుస్తకం మీద గొడవ మొదలైతే మన ఫోన్‌లోకి ముందు వచ్చేది పుస్తకం కాదు, దాని గురించి ఎవరో రాసిన పోస్టు. అది చదివే "బ్యాన్ చేయాల్సిందే" అనో, "అన్యాయం" అనో ఫిక్స్ అయిపోతాం. పుస్తకం చూడకుండానే ఎలా ఒప్పుకున్నాం? ఇవాళ దాన్ని ఒక పాత తెలుగు గొడవలో చూద్దాం. ట్రిక్కులు అవే, ఫాంట్ మారిందంతే.

పుస్తకం పేరు 'రాధికా సాంత్వనం'. రాసింది ముద్దుపళని, 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థాన కవయిత్రి. కృష్ణుడు ఇళను పెళ్లి చేసుకుంటాడు, రాధ అలుగుతుంది, కృష్ణుడు బతిమాలుకుంటాడు. శృంగారం దాపరికం లేకుండా ఉంటుంది. అదీ ఆడమనిషి వైపు నుంచి. అసలు చిక్కు అక్కడే వచ్చింది.

కందుకూరి వీరేశలింగం గారు 'ఆంధ్ర కవుల చరిత్ర'లో దీన్ని గట్టిగా తిట్టారు. ఎలా తిట్టారో గమనించండి. ముందు రాసినామె నడవడి మంచిది కాదన్నారు. తర్వాత, ఇందులో చాలా భాగం ఆడవాళ్ల చెవిన పడకూడదు, ఆడదాని నోట అసలే రాకూడదు అన్నారు. మొదటి దెబ్బ మనిషి మీద. రెండోది "పాపం, ఆడవాళ్ల కోసమే చెప్తున్నా" అనే రూటు. ఆ ఆడవాళ్లని ఎవరూ అడగలేదు, అది వేరే విషయం. పైగా చెప్పింది ఎవరు? 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం చేయించిన మనిషి. అంత పేరున్నాయన అంటే పుస్తకం తెరిచి చెక్ చేసేదెవరు?

ఒకామె చెక్ చేసింది. బెంగుళూరు నాగరత్నమ్మ. పెద్ద గాయని, దేవదాసీ కుటుంబంలో పుట్టింది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి దగ్గర గుడి కట్టించింది ఈవిడే. ఆవిడకి ముందు దొరికిన అచ్చు ప్రతిలో ముద్దుపళని తన గురించి, తన వంశం గురించి చెప్పుకున్న భాగం లేదు. కొన్ని పద్యాలూ లేవు. రాతప్రతి సంపాదించి పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసింది, ఎవరో కత్తిరించేశారని. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే 'డిఫ్' కొట్టింది! నాకైతే తిట్టడం కన్నా ఈ కత్తిరింపే ఎక్కువ భయం. తిడితే కనీసం పుస్తకం ఉందని తెలుస్తుంది. కత్తిరిస్తే ఏం పోయిందో కూడా తెలీదు.

1910లో పూర్తి పాఠాన్ని వావిళ్ల వారు అచ్చేశారు. ముందుమాటలో నాగరత్నమ్మ వీరేశలింగం గారినే నిలదీసింది. సిగ్గు ఆడవాళ్లకేనా, మగవాళ్లకి అక్కర్లేదా? ఇంతకంటే పచ్చిగా ఉన్న 'వైజయంతీ విలాసం'ని మీరే దిద్ది అచ్చుకి ఒప్పుకున్నారు కదా? ఇది భలే పదునైన దెబ్బ. కానీ ఒక్క మాట. "మీరూ అదే చేశారుగా" అంటే ఎదుటివాడి కొలబద్ద వంకరని తేలుతుంది గానీ, ఈ పుస్తకం మంచిదని తేలదు. ఆవిడకి ఆ సంగతి తెలుసు. అందుకే అక్కడితో ఆగలేదు. ఎన్నిసార్లు చదివినా మళ్లీ చదవాలనిపించే రసం ఇందులో ఉందని చెప్పి, పూర్తి పుస్తకం మన చేతిలో పెట్టింది.

అయినా సర్కారు దిగింది. ప్రభుత్వ అనువాదకుడు అభ్యంతరకరమైన పద్యాలు ఇవీ అని ఏరి ఇచ్చాడు. పోలీసులు కాపీలు పట్టుకెళ్లారు. పండితులు అర్జీలు పెట్టినా నిషేధం ఆగలేదు. ఏరి ఇవ్వడం చూశారా, ఇప్పుడైతే స్క్రీన్‌షాట్. కొన్ని పద్యాలు తీసి విడిగా పెడితే రాధ అలకా ఉండదు, కృష్ణుడి బతిమాలాటా ఉండదు. మిగిలేది ఒళ్లే. ఆ ఏరిన ముక్కలు చూసినవాడికి మొత్తం పుస్తకం అదే అనిపిస్తుంది.

1946లో మద్రాసు ప్రధాని అయిన టంగుటూరి ప్రకాశం పంతులు గారు పట్టించుకున్నాకే ఆ నిషేధం పోయింది. మూడు దశాబ్దాలు దాటిపోయాయి. నాగరత్నమ్మ అప్పటికి ఇంకా బతికే ఉంది.

మీ ఫీడ్‌లో ఈమధ్య ఏ పుస్తకం మీదైనా పోస్టు కనిపించిందా? అందులో పుస్తకం గురించి ఎన్ని లైన్లున్నాయి, రాసినవాళ్ల గురించి ఎన్ని ఉన్నాయి, లెక్కపెట్టి కామెంట్‌లో పెట్టండి. నెక్స్ట్ వీడియోలో వాటినే విప్పి చూద్దాం. ఉంటాను మరి.